అన్నంలో వచ్చిన ఇరవై అయిదు

గోంగూర పచ్చడితో ముద్ద కలుపుకుంటుంటే వేలికి ఏదో గట్టిగా తగిలింది. చూస్తే నున్నటి ఉక్కు ముక్క, వేలి కణుపంత. దాని మీద 25 అని చెక్కి ఉంది. పిలిచి భోజనం పెట్టిన ఇంట్లో ఇలాంటివి పైకి అనకూడదు కనక, దాన్ని కరివేపాకు పక్కన కంచం అంచున పెట్టి, మజ్జిగ దాకా మామూలుగానే తిన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సుందరరాజు గారు బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవుతున్నారు.

"ఏం పోయిందండీ?"

"ఇరవై అయిదు మిల్లీమీటర్లు పోయిందండీ."

కంచం చూపించాను. ఆయన ముక్క తీసి, మెతుకులు తుడిచి, చెంపకి ఆనించుకున్నారు. "ఇంకా వేడిగా ఉంది. సాయంత్రం దాకా పనికిరాదు."

సుందరరాజు గారిది బందరులో మా పక్కిల్లు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరయ్యాక, చిలకలపూడిలో గిల్టు నగల షెడ్డు ఒకటి ఎత్తేస్తుంటే అక్కడి చిన్న లేత్ మిషను కొని వెనక వరండాలో పెట్టుకున్నారు. సరదా. మా తలుపు గడియ ఆయన చేసిందే. వేసవిలో మాత్రం పడుతుంది.

ఆయన భార్య సత్యవతి గారు ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి అమ్ముతారు. ఆవిడ గ్రైండరు గరగర వినపడితే వీధంతా డబ్బాలు తీసుకుని బయల్దేరడం అలవాటు. ఆ గరగర తనకి అవమానంగా తోచి, సుందరరాజు గారు అరిగిన బుష్‌ని, అంటే లోపల ఇరుసు తిరిగే ఇత్తడి తొడుగుని, సుత్తితో కొట్టి ఊడదీశారు. కొత్తది తనే చేశారు. అది వదులై గ్రైండరు డ్రమ్ము డప్పులా మోగింది. రెండోది అసలు దూరలేదు. నాలుగు రోజులుగా మా వీధిలో ఉప్మానే.

"ఆదివారానికి ఇది తిరక్కపోతే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను," అన్నారు సత్యవతి గారు. "గ్రైండర్ని కాదు, మీ లేత్‌ని."

తప్పంతా ఆన్‌లైన్‌లో తెప్పించిన డిజిటల్ కాలిపర్‌ది. అంకెలు పెద్దవి, కళ్ళజోడు అక్కర్లేదు. ఒకే బుష్‌ని మూడుసార్లు కొలిస్తే మూడు రకాలుగా చెప్పేది. ఆయన వాటిలో నచ్చింది తీసుకునేవారు.

శుక్రవారం ఇద్దరం గుడివాడ వెళ్ళాం. మిల్లు సామాన్ల షాపు నడిపే హరిబాబుని ఆయన ఇంకా ఎక్కువ అంకెలు చూపించే డిజిటల్ కాలిపర్ అడిగారు.

"ఆ చివరి అంకె అలంకారానికండీ," అన్నాడు హరిబాబు. "ముందు ఏం కొలవాలో చెప్పండి."

"బుష్. ముప్ఫై మిల్లీమీటర్లకి అటూ ఇటూ."

హరిబాబు రెండు మైక్రోమీటర్లు బల్ల మీద పెట్టాడు. మనం బళ్ళో స్క్రూగేజీ అని చదువుకున్నవే. ఇరవై అయిదు నుంచి యాభై దాకా కొలుస్తాయి. సరిచూసుకోవడానికి ఒక్కోదానితో ఒక ఉక్కు ముక్క, సరిగ్గా ఇరవై అయిదు. సుందరరాజు గారు ఆ ముక్కని తుడిచి బిగించడం, చూడడం, వదలడం, మళ్ళీ బిగించడం. నా టీ అయిపోయింది. ఆయనది చల్లారింది. తళతళలాడేది బిగించినప్పుడల్లా మాట మార్చింది. పెట్టె మాసినది ప్రతిసారీ ఒకే మాట చెప్పింది.

"ఇదివ్వండి," అన్నారు. "మాట మార్చేది ఇంట్లో ఒకటుంది."

"ఆ మాట సత్యవతి గారి ముందు అంటారా?" అన్నాను.

"కాలిపర్ని అన్నానండీ బాబూ."

బందరు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, నూనె రాసి పొడిగా ఉంచమన్నాడు హరిబాబు. తడిసిన ఫోనుని బియ్యంలో పెట్టే అలవాటు కొద్దీ, ఈయన దాన్ని పెట్టెతో సహా బియ్యం డ్రమ్ములో దాచారు. పెట్టె మూత సరిగా పడక ఉక్కు ముక్క బియ్యంలోకి జారింది. బియ్యం కడిగేటప్పుడు సత్యవతి గారి కళ్ళజోడు టీవీ దగ్గరుంది. తోడు వెళ్ళినందుకు మర్నాడు నాకు పెట్టిన భోజనంలో వచ్చింది అదే.

సాయంత్రమైంది. "పప్పు నానిందండీ," అన్నారు సత్యవతి గారు. "రేపే ఆదివారం. ఆ ముక్కకి జొరం చూస్తూ కూర్చుంటారా?"

"వేడి మీద ఇనుము సాగుతుంది సత్యా. దాన్ని నమ్మితే మళ్ళీ మొదటికొస్తాం."

ముక్కనీ, మైక్రోమీటర్నీ, తరుగుతున్న బుష్‌నీ ఒకే బల్ల మీద పక్కపక్కన చల్లారనిచ్చారు. తర్వాత కొంచెం తరగడం, ఆగడం, కొలవడం. బుష్ బొటనవేలి ఒత్తిడికి సగం దిగి, చెక్కసుత్తి దెబ్బలకి మిగతాది దిగింది.

"స్విచ్ వేశారా?" అన్నారు సత్యవతి గారు.

"తిరుగుతోంది చూడు."

ఆవిడ వంగి చూశారు. పప్పు పోశారు. వరండాలో లేత్ మీద గుడ్డ కప్పి వచ్చింది కూడా ఆవిడే.

ఆదివారం ఎదురింటి రాధాకుమారి గారు ఖాళీ డబ్బాతో గేటు దగ్గర నిలబడ్డారు. "ఏంటండీ రాజు గారూ, చప్పుడే లేకపోతే పిండి అయిందని మాకెలా తెలుస్తుంది? వచ్చేసరికి పిండంతా అమ్ముడైపోయిందంటున్నారు."

సుందరరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మొదట చేసిన ఆ డప్పు బుష్ దాచే ఉంచానండీ, వేసెయ్యమంటారా?"