సారెకు రాని వంజరం

పటాన్‌చెరు బస్టాండు దగ్గర చాయ్ కప్పులు మళ్లీ చిన్నవయ్యాయి. రెండు గుక్కలకే అడుగు కనబడుతుంది. చెవిలో వేసుకునే చుక్కల మందు కూడా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. ఆ మాటే దుకాణం అతనితో అంటుంటే మా చిన్నోడు ఫోన్ చేశాడు.

"బాపూ, మామ పొద్దుగాల సచ్చిపోయిండు."

"మజాక్ జెయ్యకు. గా ముసలోడు నాకంటె ముందు పోతడా?" అన్నాను. అవతల వాడు ఏడ్చాడు. కొడుకుతో అలాంటప్పుడు అలా మాట్లాడినందుకే సిగ్గుగా ఉంది. అంతకంటే పెద్ద సిగ్గు ఇంకొకటి ఉంది.

పోయినవాడు మా వియ్యంకుడు, చిన్న కోడలి నాన్న. కాకినాడ అవతల సముద్రం ఒడ్డు మనిషి. బతుకంతా పడవ మీద వేట చేసి, భార్య పోయాక కొల్లూరులో కూతురి ఇంటికి వచ్చేశాడు. మాది కర్దనూరు. మా వాడు, ఆ పిల్ల ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇష్టపడి, రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్నారు. పెళ్లి తంతే లేదు కనుక ఆడపిల్లవాళ్లు పంపే సారె కూడా రాలేదు. మాకెవరికీ ఆ పట్టింపు లేదు. కానీ వియ్యంకుడు ఎదురుపడితే ఊరుకునే నోరు కాదు నాది. కలిసినప్పుడల్లా "బావా, సారె యాడ?" అనేవాడిని. ఆయన నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అనుకున్నాను.

తొమ్మిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని గాలాలు కట్టేవాడు. ఒకే తాడుకు జానెడు ఎడంలో ఆరు చిన్న గాలాలు, ఒక్కోదానికి తళతళలాడే జరీ పోగు. ఆ పోగులన్నీ మా కోడలి పాత చీర అంచువే.

"బావా, ఈడికెల్లి గాలమేస్తె స్కూటర్లు వడ్తయి గని చేపలు వడయి."

"ఇది ఎర కోసం అండి బావగారూ. పడవ పక్కన దింపి ఊపితే కవళ్లని సిన్న సేపలు వచ్చి ఆ మెరుపుని కరుత్తాయి. ఆటిని పేణంతోనే పెద్ద గాలానికి గుచ్చి వదిల్తే వంజరం వత్తాది. ఎర ఈదాలండి. ఈదని ఎరని వంజరం సూడదు."

"అంటె చేపకు చేపనే లంచమిస్తవన్నట్టు."

"ఆయ్, మరే!"

పిల్లలు తిరిగే ఇల్లని తాడు చుట్టేటప్పుడు ఒక్కో గాలం మొనను థర్మాకోల్ ముక్కకు గుచ్చేవాడు. అన్నానికి ముందు అరచేతులు వాసన చూసుకునేవాడు. "ఉప్పు వాసన పోయిందండి," అనేవాడు దిగులుగా.

మొన్న చలికాలంలో వాళ్ల వైపు పెళ్లికి నన్నూ తీసుకుపోయాడు. మర్నాడు తెల్లవారుతూనే తమ్ముడి కొడుకు పడవ ఎక్కించాడు. పడవ కదిలాక చెప్పాడు: "ఇయ్యాల నా సేత్తో వంజరం పట్టి మీకిత్తానండి. అదే మా పిల్ల సారె. మీ ఇంటిల్లిపాదీ తినాల."

"కొనియ్యరాదు బావా, గింత తిప్పలెందుకు?"

"కొన్నది సారె ఎలాగవుద్దండి?"

నేను ఊరికే అన్న మాటను ఆయన ఇన్నాళ్లూ మోశాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

తాడు దింపి, ఊపి, లాగాడు. వేలెడంత చేపలు తోరణంలా వేలాడుతూ పైకి వచ్చాయి. చెయ్యి తగిలితే పొలుసు రాలి చస్తాయట. అందుకే గాలం విదిలించి ఒక్కోదాన్ని నీలం బకెట్లోకి జారవిడిచాడు. బకెట్టు నాకప్పగించాడు.

"మీ పనల్లా మగ్గుతో పాత నీళ్లు తీసి, సముద్రం నీళ్లు పోయడమేనండి."

తాను ముందుకు పోయి, వంజరాలు తిరిగే చోటు కోసం చూస్తూ నిలబడ్డాడు. అక్కడికి చేరేసరికి బకెట్లో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. మళ్లీ తాడు దింపాడు. ఎండ ఎక్కింది, కవళ్లు అడుక్కి పోయాయన్నాడు తమ్ముడి కొడుకు. గాలాలు ఖాళీగా వచ్చాయి. చచ్చినవాటినే గుచ్చి వదిలాడు. ఏదీ ముట్టలేదు.

కొల్లూరు వచ్చాక ఆయన మళ్లీ తాడు కట్టలేదు. నేను సారె ఊసెత్తలేదు. సారె రాలేదని నేను అలిగానని ఆయన అనుకున్నాడట. దినం నాడు కోడలు చెప్పింది: "మీ మావయ్యగారికి సారె ఇవ్వలేకపోయాను, నా చేతులు పాడైపోయాయి అని ఆఖరిదాకా అంటూనే ఉన్నాడండి నాన్న."

అమ్మా, ఆయన చేతులు పాడవలేదు అని చెప్పాలి కదా. ఆ పిల్లకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను.

ఆ రోజు ఆయన అటు తిరగగానే, తాగడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల క్యాను తీశాను. "పుట్టిన కాడికెల్లి ఉప్పునీళ్లే తాగిర్రు, జెర మా మంజీర రుచి సూడుర్రి," అని చేపలతో చెప్పి, క్యానంతా బకెట్లో వంపాను. చెరువు చేపలే తెలిసినవాడిని, మంచినీళ్లకు సముద్రపు చేప చస్తుందని తోచలేదు. తర్వాత ఆయనకు చెప్పి నవ్విద్దామనుకున్నాను. అవి తిరగబడ్డాక ఖాళీ క్యానును కాళ్ల వెనక్కి జరిపి దాచాను.

ఆయన గొంతుక్కూర్చుని ఒక్కో చేపను అరచేతిలోకి తీసుకుని చూశాడు. "నేనే నలిపేసుంటానండి. సమించండి బావగారూ," అని నాకు చేతులు జోడించాడు. ఎండకు ఆ వేళ్ల సందుల్లో పొలుసులు మెరుస్తున్నాయి.