యాదగిరి సారు అడగమన్న ప్రశ్న

ఈ ఉదయం అమెరికాలోని టూసాన్‌లో హోటల్ వరండాలోని ఇనుప కుర్చీ మీద చెయ్యి వేస్తే చల్లదనం మోచేతి దాకా పాకింది. ఎదురుగా మనిషికి రెండింతల ఎత్తున్న జెముడు చెట్లు, వాటి వెనక బోడికొండలు. మధ్యాహ్నానికి ఇక్కడే చెమట పట్టేంత ఎండ కాస్తుంది. నవంబరు చివర ఎడారి ఊరు ఇలా ఉంటుందని నాకిప్పుడు తెలుసు. నా వెంట హైదరాబాద్ నుంచి వచ్చిన పద్నాలుగు మంది యాత్రికులూ స్వెట్టర్లు తొడుక్కుని హాయిగా కాఫీ తాగుతున్నారు. వాళ్లను చూసి సంతోషించాల్సింది పోయి తల దించుకున్నాను. ఈ ఊరికి నేను చలిబట్టలు లేకుండా పంపిన ఒక పెద్దావిడ గుర్తొచ్చింది. ఆవిడ కన్నా ముందు యాదగిరి సారు గుర్తొచ్చారు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఒక పాత మేడ మీద ఆయన ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. నల్లగొండ వైపు సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, పట్నం వచ్చి, స్టేషన్ దగ్గర రైలు టిక్కెట్లు తీసిపెట్టడంతో మొదలుపెట్టి, చివరికి జనాన్ని అమెరికా యాత్రలకు పంపేదాకా వచ్చారు. తాను మాత్రం బొంబాయి దాటి ఎక్కడికీ వెళ్లలేదు. నేను కోఠిలో డిగ్రీ పూర్తి చేసి నేరుగా ఆయన దగ్గర చేరాను. మాది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. నా ఇంగ్లిషంటే నాకు గర్వం, ఆయన మాటంటే చిన్నచూపు. ఇంట్లో భోజనాల దగ్గర ఆయన యాసను అనుకరించి అందర్నీ నవ్వించేదాన్ని.

ఆయన ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ప్రయాణానికి వారం ముందు అందరూ పెట్టెలు సర్దుకుని తేవాలి. పొడవాటి బల్ల మీద ఒక్కొక్క పెట్టె తెరిపించి, ఏది ఉండాలో ఏది వద్దో సారే తేల్చేవారు. అంతకు ముందురోజు, అక్కడ తెల్లవారే వేళకు మనకు సాయంత్రం అవుతుంది కాబట్టి, ఆ ఊరి హోటల్‌కు నేను ఫోను చేసి ఒక ప్రశ్న అడగాలి: ఈ పొద్దున మీరేం తొడుక్కుని పనికొచ్చారు? కంప్యూటర్‌లో చూస్తే సరిపోతుంది కదా అని నేను చాలాసార్లు విసుక్కున్నాను.

“కంప్యూటర్‌కు చలి వెడ్తదా బిడ్డా? గాడ నిలవడ్డోళ్లనే అడగాలె,” అనేవారు ఆయన.

ముక్కూ ముఖం తెలియని మనిషిని బట్టల సంగతి అడగడం నాకు నామోషీగా ఉండేది. ఒకసారి అవతల అమ్మాయి పకపకా నవ్వింది. ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒక నవంబరులో టూసాన్ యాత్ర వచ్చినప్పుడు ఫోను ముట్టుకోనేలేదు. కంప్యూటర్‌లో మధ్యాహ్నపు వేడి చూశాను. ఎడారి అంటే ఎండ కాక మరేముంటుందనుకున్నాను. ఫోను చేశానని, నూలుబట్టలు చాలన్నారని సారుకు చెప్పాను.

మర్నాడు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఆయన భార్య కామేశ్వరమ్మగారు పెట్టె తెచ్చారు. అడుగున కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న రెండు ఉన్ని స్వెట్టర్లు ఉన్నాయి. సారు వాటిని పట్టుకుని నా వైపు చూశారు. నేను అక్కర్లేదన్నట్టు తలూపాను. ఆయనే వాటిని తీసి పక్కన పెట్టి, బరువు తగ్గిందమ్మా అని ఆవిడతో నవ్వుతూ చెప్పారు. ఆవిడ ఎన్నాళ్ల నుంచో జెముడు చెట్ల కొండలు చూడాలని కలలు కన్నారట.

తిరిగొచ్చాక మాస్టారు ఒక్కరే మెట్లెక్కి వచ్చారు. దిగిన మొదటి పొద్దునే ఆవిడకు చలి కొట్టి జ్వరం పట్టుకుందట. వైద్యుడు కదలొద్దన్నాడట. కొండల్ని గది కిటికీలోంచే చూసి వచ్చారట.

“మీ మాట నమ్మే కదండీ స్వెట్టర్లు తీసేశాం,” అన్నారు మాస్టారు. ఆయన కేకలేసినా బాగుండేది, గొంతు పెంచకుండా అన్నారు.

సారు లేచి నిలబడి చేతులు జోడించారు. “ఫోన్ నేనే జేసిన సార్. మంచిగ అడగలే. తప్పు నాదే.”

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. తల వంచుకుని కాగితాలు సర్దాను. మాస్టారు వెళ్లిపోయాక సారు నన్నేమీ అడగలేదు. మరుసటి యాత్రకు ఫోను మళ్లీ నా ముందుకే జరిపారు. నన్నంత నమ్మారనుకున్నాను, ఆయనకు ఏమీ తెలియదనుకుని లోపల ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఆ తర్వాత ఎన్నో ఊళ్లకు ఆయన నన్ను నాయకురాలిగా పంపారు. ఆ ప్రశ్న అడగడం నేను మళ్లీ ఎన్నడూ మానలేదు, ఎవరు నవ్వినా సరే.

పోయిన ఏడాది సారు కన్నుమూశారు. పదో రోజున నాంపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య అనసూయమ్మగారి చేతులు పట్టుకుని, ఆ రోజు ఫోను చేయలేదని, అబద్ధమాడానని ఏడుస్తూ చెప్పాను. ఆవిడ నా తల నిమిరారు.

“ఆయనకు ఎర్కనే బిడ్డా. గా మాస్టరు వచ్చిపోయిన నాడే హోటలోళ్లకు ఫోన్ జేసిండు, పెద్దమ్మను మంచిగ అర్సుకున్నరని చెప్పనీకి. మీ ఆఫీసు దిక్కు నుంచి అంతకుముందు ఫోనే రాలేదన్నరంట వాళ్లు. ఇంటికొచ్చి, పిల్ల మంచిది, రేపు తనే జెప్తది అన్నడు. గా చలికాలమంత పొద్దుగాల చెప్పులేస్కుంట, ఇయ్యాల జెప్తది సూడు అనుకుంటనే ఆఫీసుకు పోయేటోడు.”

ఆ చలికాలమంతా ప్రతి ఉదయం నేను మెట్లెక్కి వచ్చాను, ఆయనకు నమస్తే చెప్పాను, ఇద్దరికీ టీ తెప్పించి నా కుర్చీలో కూర్చున్నాను.