దిష్టిమూటలో మోటరు తాళం

మా బాపు లింబాద్రి పోగొట్టని వస్తువు లేదు. సిరికొండ నుంచి బతుకుదెరువుకు బోధన్ వస్తూ దారిలో చెప్పులు పోగొట్టాడు. వచ్చాక గొడుగులు పోగొట్టాడు. ఒకసారి విందుకు పిలిచిన చుట్టాల ఇల్లు మరిచిపోయి, పక్కింట్లో కడుపునిండా తిని వచ్చాడు. ఇదంతా ఆయన్ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. అలాంటి మనిషి చేతిలో రామ్‌దాస్ సేటు తన కొత్త మోటరును పెట్టాడంటే, సేటు గుండె ఎంత గట్టిదో తెలియాలని చెబుతున్నాను.

అవి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కొత్తగా లేచిన రోజులు. సేటు మోటరు ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనక తెరిచిన తొట్టి ఉన్న చిన్న లారీ. చెరుకు విత్తనపు ముక్కలు, గోనెసంచులు, ఇనుప సామాను మోసేది. ఊళ్లలో జనం దానికి తొట్టి మోటరని పేరు పెట్టారు. బాపు మొదట దాన్ని కడిగేవాడు, తర్వాత నడపడం నేర్చాడు. ఆయన నడిపితే వెనక తొట్టిలో పెట్టిన చెంబులో పాలు తొణకవు. ఆ ఒక్క గుణానికి సేటు మిగతావన్నీ మన్నించాడు.

ఆ మోటరుకు తాళం తిప్పితేగాని ముందున్న హ్యాండిల్ ఎంత తిప్పినా ప్రాణం రాదు. ఓడలో దానితోపాటు రెండే తాళంచెవులు వచ్చాయి. సేటు రెండూ బాపుకే ఇచ్చాడు.

"లింబాద్రీ, ఒకటి పోగొడ్తవని నాకు ఎర్కనే. రెండోది బండి మీదనే ఏడన్న దాసిపెట్టు. మూడోది గావాల్నంటే సముద్రం దాటి పోవాలె."

ఇక చూడండి బాపు తెలివి. ముందు దాన్ని పనిముట్ల పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేశాడు. ఆ పెట్టె తాళంచెవిని మోటరు తాళంచెవితోపాటు ఒకే దారానికి కట్టుకున్నాడు. ఒకటి పోతే అన్నీ పోతాయని ఆయనకు తోచడానికి చాలాకాలం పట్టింది. తర్వాత చక్రం మీది రేకు లోపల మైనంతో అతికించాడు. ఎండాకాలం వచ్చింది, మైనం కరిగింది, తాళంచెవి బాల్కొండ దారిలో రాలిపోతే ఒక గొర్లకాపరి తెచ్చిచ్చాడు. మైనం పనికిరాదని ముదురు బెల్లం పాకంతో అతికించాడు. ఫ్యాక్టరీ ముందు చెరుకుబండ్ల వరుసలో నిలిపినప్పుడు ఒక ఎద్దు వచ్చి ఆ చోటంతా నాకి శుభ్రం చేసింది. తాళంచెవి దాని నాలుకకు అంటుకుని కింద పడింది కాబట్టి సరిపోయింది. చిన్నప్పుడు ఎద్దు తన్నిన దగ్గర్నుంచి బాపుకు ఎద్దులంటే వణుకు. ఆ రోజు ఎద్దు వెళ్లిపోయేదాకా మోటరు కప్పు మీదే కూర్చున్నాడట.

ఆ కప్పు మీదే ఆయనకు అసలు ఆలోచన వచ్చింది. మోటరు ముందు నల్లగుడ్డలో నల్లజీడి గింజ, పటిక ముక్క, ఎండుమిరపకాయలు కట్టిన దిష్టిమూట వేలాడుతోంది. దిష్టిమూటను ఎవరు ముడతారు? రోడ్డు మీద పడి ఉంటే జనం దాన్ని దాటడానికే జంకుతారు. బాపు మూట విప్పి, తాళంచెవిని లోపల పెట్టి, మళ్లీ బిగించి కట్టాడు. కొన్నాళ్లకు నిజామాబాదులో దొంగలు మోటరు దీపం విప్పుకుపోయారు, సీటు మెత్త ఎత్తుకుపోయారు, దిష్టిమూట జోలికి పోలేదు.

"దొంగకు గూడ పెండ్లాం పిల్లలుంటరు సేటూ! దిష్టి ఎవడు ముడ్తడు?" అని బాపు పొంగిపోయాడు. అంత గట్టి చోటు ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటాను.

ఇంతలో వర్నిలో చెరుకు పండించే ఆత్మారాం గారి బిడ్డ గంగమణితో సంబంధం కుదిరింది. ఆమే మా అమ్మ. తాతకు కొడుకులు లేరు. కాలువ నీళ్లు వచ్చాక తోట పెరిగింది, చూసుకునే మనిషి కావాలి. వరపూజనాడే అందరి ముందూ పుల్ల పెట్టాడు.

"అల్లుడా, నూనె తాగే బండిని నమ్ముకొని నా బిడ్డనెట్ల సాకుతవ్? ఎద్దయితే సెప్పినట్టు ఇంటది. ఇల్లరికం రా. తోట నీదే."

ఎద్దు పేరెత్తేసరికి బాపుకు చెమట పట్టింది. ఆ చెమటలోనే రోషం కూడా వచ్చింది.

"మామా, పెండ్లినాడు పొద్దుగూకక ముందే నీ బిడ్డను మోటర్ల తీస్కపోయి మా ఇంటి ముంగట దించుత. దించకపోతే మోటరు చాబీ సేటుకిచ్చి వస్త. నీ ఎడ్లను గడ్త, నీ తోటకు నీళ్లు వెట్త."

"అందరు ఇన్నరు గద!" అన్నాడు తాత, మీసం మీద చెయ్యేసి. నలుగురిలో అన్న మాట, వెనక్కి తీసుకోవడానికి లేదు. మోటరు దూరమైతే మా బాపు నీళ్లలోంచి తీసిన చేపే.

మాఘమాసంలో వర్నిలో పెళ్లి. సేటు పెద్దమనసుతో మోటరు ఇచ్చాడు. బాపు తానే నడుపుకుంటూ పెళ్లికి వచ్చి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. పెళ్లినాటి పొద్దున బావి దగ్గర మంగళస్నానం చేయిస్తూ ఆడవాళ్లు నలుగు పెట్టి, నూనె పెట్టి, బిందెలకు బిందెలు కుమ్మరిస్తుంటే మొలతాడు ముడి జారింది. బావిలో బుడుంగుమని చప్పుడైంది.

"ఏంది పడ్డది?" అని అడిగారు ఎవరో.

"నలుగు ఉండ" అన్నాడు బాపు.

బావిలోకి పాతాళగరిగ కొక్కేలు దింపి తీయించవచ్చు. దింపిస్తే మామకు తెలుస్తుంది. అయినా రెండోది ఉంది కదా! పెళ్లి పీటల మీద బాపు ముసిముసి నవ్వులు నవ్వుతూనే ఉన్నాడు. తలంబ్రాలు పోసేటప్పుడు గట్టిగానే నవ్వాడట. పిల్ల నచ్చి నవ్వుతున్నాడని అమ్మ అనుకుంది. ఆ సంగతి నేను ఇప్పటికీ తవ్వను.

అప్పగింతల వేళయింది. అందరూ పందిట్లో ఏడుస్తుంటే, తాత తల్లి భీమవ్వ మాత్రం కళ్లు తుడుచుకుని మోటరు చుట్టూ తిరిగి చూసింది. మా అమ్మ బాపమ్మా అని పిలిచేది ఈమెనే. ముందు వేలాడుతున్న దిష్టిమూట మాసిపోయి, దుమ్ము పట్టి కనిపించింది. కొత్త పెళ్లికూతురు ఎక్కే బండికి పాత దిష్టా? ముసలమ్మ కొడవలితో దాన్ని కోసేసింది. మనవరాలిని మోటరు పక్కన నిలబెట్టి, ఆ మూటనే ఆమె తల చుట్టూ తిప్పి తీసి, వెనక్కి చూడకుండా నడిచి కాలువ గట్టు దగ్గర మూడుతోవలు కలిసే చోట పడేసి వచ్చింది. కాళ్లు కడుక్కుని మోటరుకు కొత్త మూట కట్టింది. కొత్త మూటలో మిరపకాయలు దండిగా వేసింది. మనవరాలంటే అంత ప్రాణం.

ఇదేదీ తెలియని బాపు పందిట్లోంచి వచ్చి, ఎవరూ చూడకుండా మోటరు ముందు కూర్చుని మూటలో వేళ్లు దూర్చాడు. మిరపకాయలు. ఇంకా లోపల మిరపకాయలే. అడుగున గింజ తగిలింది, పటిక తగిలింది, తాళంచెవి తగల్లేదు. ముఖం మీద చెమట పట్టింది. ఆ చేత్తోనే తుడుచుకున్నాడు.

పెళ్లికొడుకు కేక ఊరంతా వినబడింది. రెండు కళ్లలోంచి ధారలు. పెళ్లికూతురు ఏడుపు ఆపి చూసింది.

"అయ్యో, పిల్లోడు ఎంత మంచోడే! అత్తగారిల్లు ఇడిసి పోతుంటే ఎట్ల ఏడుస్తుండు సూడు" అని ఒక పెద్దమ్మ ముక్కు చీదింది. ఆమెను చూసి ఇంకో నలుగురు ఆడవాళ్లు అందుకున్నారు.

తాత ఏడవలేదు. ఆయన పొద్దు వంక చూశాడు. ముందుచూపుతో రెండు ఎడ్లబండ్లు కట్టించి ఉంచాడు కూడా. "అల్లుడా, బండెక్కుతవా? రేపటి సంది ఎట్లనో వీటితోనే గద నీ పని" అన్నాడు.

బాపుకు కళ్లు కనబడక ఎద్దు ఊపిరి ఎటు నుంచి వస్తోందో కూడా తెలియడం లేదు. ఇక దాచి లాభం లేదని నోరు విప్పాడు. "అవ్వా, గీడ పాత మూట ఉండె గద! ఏం జేసినవ్?"

"మూడుతోవల కాడ పారేసిన. ఎందుకు నాయనా?"

"గండ్లనే ఉంది చాబీ!"

అంతా గొల్లుమన్నారు. బాపు కాలువ గట్టు వైపు పరుగెత్తబోతే, ఆయన తల్లి శంకరమ్మ పంచె పట్టి లాగింది. "తీసి పారేసిన దిష్టిని పెండ్లికొడుకు ముడ్తడా? ఒద్దురా!" అని లబోదిబోమంది. పోనీ ఇంకొకరు తెస్తారా అంటే, అందరూ ఒకరి వెనక ఒకరు జరిగారు. దొంగకే లేని ధైర్యం చుట్టాలకు ఎక్కడిది? పెళ్లివాళ్లందరూ పోయి మూడుతోవల దగ్గర గుండ్రంగా నిలబడ్డారు. నడుమ నల్లమూట. ఎవరూ దానికి బారెడు దూరంలోకి రావడం లేదు. పొద్దు చెరుకుతోటల మీదికి దిగుతోంది.

అప్పుడు మా అమ్మ, తల ఎత్తకూడని కొత్త పెళ్లికూతురు, తల ఎత్తింది.

"బాపమ్మా, గీ దిష్టి ఎవరి మీదికెల్లి తీసినవ్?"

"నీ మీదికెల్లే బిడ్డా!"

"నా దిష్టి నన్నేం జేస్తది? నా దగ్గర్నే ఉండె గద గిప్పటిదాక!"

అలాంటి ప్రశ్న భీమవ్వను అంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె ఆలోచన తేలేలోపే అమ్మ ఒడిలో ఒడిబియ్యం ఒక చేత్తో పట్టుకుని, నడుచుకుంటూ పోయి, వంగి మూట తీసింది. పళ్లతో ముడి విప్పింది. జీడిగింజ, పటిక, వాటి నడుమ తాళంచెవి. దాన్ని పైకెత్తి చూపిస్తే పొద్దు వెలుగుకు మెరిసిందట.

"గదీ నిజమే. ఎవరిది వాళ్లకు తగలదు" అని తీర్పు చెప్పింది భీమవ్వ. అయినా మనసొప్పక మనవరాలికి ఇంకోసారి దిష్టి తీసింది. పారేయడానికి పోతూ ఆగి, "నాయనా, గిండ్ల ఇంకేమన్న చాబీలున్నయా?" అని బాపును అడిగింది.

తాళంచెవి వచ్చింది, తిప్పడానికి హ్యాండిల్ ఉంది, కాని బాపు చేతులు మండుతున్నాయి. అమ్మ మజ్జిగ తెప్పించి ఆయన కళ్లు కడుగుతోంది. హ్యాండిల్ వెనక్కి తన్నితే చెయ్యి విరుగుతుందని ఎవరూ దగ్గరికి రాలేదు. తాత పొద్దును చూశాడు. కాసేపు ఊరుకుంటే చాలు, అల్లుడు ఇల్లరికం వస్తాడు, కూతురు కళ్లముందే ఉంటుంది. ఆయన కూతుర్ని చూశాడు. మజ్జిగ చెంబుతో, చెదిరిన బొట్టుతో, మొగుడి తల వంచి పట్టుకుని ఆమె పకపకా నవ్వుతోంది.

తాత తలపాగా బిగించుకుని మోటరు ముందుకు వచ్చాడు. "ఎటు తిప్పాలె?" అన్నాడు.

బాపు చెప్పాడు. తాత ఒకసారి తిప్పితే దగ్గింది. ఇంకోసారి బలమంతా పెట్టి తిప్పితే మోటరు ఒక్కసారిగా గర్జించింది. ఆ చప్పుడుకు ఎడ్లు బెదిరి ఖాళీ బండ్లతో సహా తాత చెరుకుతోటలోకే పడి పారిపోయాయి. చెప్పినట్టు వినే ఎడ్లు!

వాళ్లు బోధన్ చేరేసరికి పొద్దు గూకిందని తాత తరఫు వాళ్లు, గూకలేదని మా వాళ్లు ఇప్పటికీ వాదులాడుకుంటారు. ఇంట్లో ఇంకా దీపం పెట్టలేదన్నది మాత్రం నిజం.

ఇంటి ముందు మోటరు ఆగగానే అమ్మ చెయ్యి చాచిందట. "గా చాబీ ఇటియ్యి" అన్నదట. బాపు తీసి ఇచ్చాడు. బావిలోది దొరికిన తర్వాత కూడా రెండోది అమ్మ దగ్గరే ఉండిపోయింది. అంతకన్నా గట్టి చోటు ఆయనకూ తోచలేదు.

ఉగాదికి తాత బిడ్డను చూడటానికి వచ్చాడు. అన్నం వడ్డిస్తుంటే ఆమె మెడలో పుస్తెల మధ్య ఇనుపముక్క ఊగుతూ కనిపించింది.

"గదేందే? పుస్తెల నడుమ చాబీ కట్టుకుంటరా ఎవరన్న?"

"నా మొగడు నీ ఇంటికి ఇల్లరికం పోకుండ కావలి గాస్తున్న బాపూ!"

తాతకు నవ్వాగలేదు. మెతుకు గొంతుకు అడ్డం పడి, నెత్తి మీద తట్టించుకుని, నీళ్లు తాగి మళ్లీ నవ్వాడు. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి వచ్చి మోటరు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అల్లుడా, నన్ను వర్నిల దించి వస్తవా?" అన్నాడు. "హ్యాండిల్ నేనే తిప్పుత."