సుగుణమ్మ టీచరు కోడిజుట్టు పూలు

ఎండిన కోడిజుట్టు పువ్వును కాగితం మీద నలిపితే సన్నని చప్పుడు వస్తుంది. వాన కాదు గానీ, వాన వస్తోందని ఎవరో దూరంగా అబద్ధం చెబుతున్నట్టు ఉంటుంది. ఈ మధ్యాహ్నం అనంతపురంలో మా మిద్దె మీద కూర్చుని ఆ చప్పుడే వింటున్నాను. ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా మెరిసే గింజలు, రాలుతూనే ఉన్నాయి. కింది నుంచి మా ఆవిడ "అన్నం చల్లారిపోతాంది" అని మూడుసార్లు పిలిచింది. ఈ ఎండలో అన్నం చల్లారడం కూడా వింతే.

ఈ గింజలు సుగుణమ్మ టీచరు దగ్గర నుంచి వచ్చినవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, కంబదూరు దగ్గర ఒక పల్లె బడిలో ఆమె పెద్ద టీచరు, నేను విద్యా వాలంటీరుని. ఆమె తరువాత బడిలో అంతా నేనే. ఉన్నదే ఇద్దరం. బడి ముందు నీడ అనేదే ఎరగని జాగాలో ఆమె ఏటా ఈ గింజలు చల్లేవారు. పిల్లలు అన్నం తిని పళ్ళేలు కడుక్కున్న నీళ్ళు ఆ మడిలోకే పారేవి. ఎండకు ఊరంతా వాడిపోతుంటే ఆ పూలు మాత్రం ఇంకా ఎర్రబడేవి. మధ్యాహ్నం మూడింటికి వేడిగాలిలో మడి మొత్తం నేల విడిచి జానెడు పైన తేలుతున్నట్టు కనిపించేది. పిల్లల ఎక్కాల రాగానికి పూలు ఊగేవి. నేనూ ఊగేవాణ్ణి, కాకపోతే నాది నిద్ర.

ఆ ఎరుపు ఆమె తల్లిది. గోరంట్లలో తల్లి ఇంటి ముందు పెంచిన పూల గింజలను, ఆవిడ పోయినాక కొంగున కట్టుకుని తెచ్చుకున్నారట.

"నగలేమీ రాలేదా టీచర్?" అన్నాను.

"వచ్చినాయి. మా వదినకు," అన్నారు. నా జోకు అక్కడే చచ్చిపోయింది.

ఒక ఏడాది ఆమె కంటి ఆపరేషనుకని నెల రోజులు సెలవు పెట్టారు. ముందటేడు కరువుకు చెట్లు సగంలోనే ఎండిపోయి, ఒక్క చిన్న పొట్లం గింజలే మిగిలాయి. అది నా చేతిలో పెట్టి, "ఇసుకలో కలిపి పైపైన చల్లప్పా. మన్ను కప్పొద్దు. అరచేత్తో అట్ల అదిమి, తడి గోనెపట్ట పరుచు. మొలక కనపడినాక తీసేయ్," అన్నారు.

నేను వేరుశనగ రైతు కొడుకుని. ఆదివారం ఇంటికి పోయి చెబితే మా నాయన నవ్వాడు. "పైన ఏస్తే ఈ ఎండకు మాడి మసైపోతాది. నాలుగు వేళ్ళ లోతున ఎయ్‌రా, ఆడ తడి పదునుంటాది." తరతరాలుగా సేద్యం చేసిన ఇంటి మాట, కాదనడానికి నేనెవరిని? సోమవారం సాళ్ళు తీసి, పొట్లం మొత్తం లోతున పెట్టి మన్ను కప్పాను. రోజూ నీళ్ళు పోశాను. పదిహేను రోజులకు గరిక మొలిచింది. ఆశ కొద్దీ దానికీ పోశాను.

టీచరు నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చి నేరుగా మడి దగ్గరికే పోయారు. వంగి చూశారు. ఆపరేషను సరిగా కుదరలేదేమోనన్నట్టు అద్దాలు తీసి మళ్ళీ చూశారు. జరిగింది చెప్పాను.

"అన్నీ ఏసినావా?"

"అన్నీ."

"శెనక్కాయ మాదిరి?"

"మా నాయన చెప్పినాడు టీచర్."

"శెనక్కాయకు బలముండాది, మన్ను తోసుకోనొస్తాది. దీనికి యాడిదప్పా అంత బలం?"

తిట్టి ఉంటే ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. ఆమె మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ ఖాళీ మడిని చూశారు. తల్లి ఇంకోసారి పోయినట్టుంది ఆ ముఖం.

చివరికి లేచి, "ఈ ఊర్లో నేను ఇత్తనం ఇయ్యని ఇల్లు లేదు. పో. ప్రతి వాకిట్లో నిలబడి, ఏం చేసినావో చెప్పి అడుగు," అన్నారు.

పోయాను. ప్రతి ఇంట్లో నవ్వారు. ఒక ఊరిని అంతగా నవ్వించడం మళ్ళీ నా వల్ల కాలేదు. కొందరి చెట్లు మేకలు తిన్నాయి, కొందరివి నీళ్ళు లేక పోయాయి. ఆఖరికి గొర్రెల కాపరి భార్య లచ్చుమక్క గూట్లోంచి చిన్న మూట తీసింది.

"సదువు చెప్పే సారు ఇత్తనాన్ని పూడ్చిపెట్టినాడంట!" అంటూనే నా చేతిలో కొన్ని పోసింది. "టీచరమ్మవే ఇవి. మా పసుప్పచ్చ కోడిజుట్టు పూల పక్కన ఏసింటిమి. సగం నాకాడనే ఉండనీ సారూ, నీ చేతిని నమ్మేకి లేదు."

ఈసారి ఇసుకలో కలిపి పైపైనే చల్లాను. కొన్ని రోజులకు గోనెపట్ట ఎత్తితే నేల మీద ఎర్రటి ఆవిరిలా మొలకలు. దసరా సెలవుల ముందు పూశాయి. చాలావరకు ఆ ఎరుపే. కానీ కొన్ని ఎరుపుకూ పసుపుకూ మధ్య, పొద్దుగూకే రంగులో ఉన్నాయి. లచ్చుమక్క వాకిట్లోనే రెండు రంగులూ కలిసిపోయాయి. గోరంట్ల ఎరుపు ఇక అచ్చంగా రాదని నాకు అర్థమైంది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది.

ఆ రంగు పువ్వొకటి రెండు వేళ్ళతో పట్టుకుని, "మా అమ్మ పసుప్పచ్చ చీరలు గూడా కట్టుకుంటాండె లే," అన్నారు.

ఆమె రిటైరై వెళ్ళిపోయి చాలా కాలమైంది. గింజలు రాలగానే, నేను చల్లకముందే, సగం వీధిలో నాలుగిళ్ళకు పంచేస్తాను. మన్ను కప్పొద్దని అందరికీ చెబుతాను. కప్పేవాళ్ళు ఎలాగూ కప్పుతారు. తరువాత వాళ్ళు వచ్చి తలవంచుకుని నిలబడి మళ్ళీ గింజలడగటానికి ఒక వాకిలి ఉండాలి కదా. ప్రస్తుతానికి మాది ఉంది.