హాస్యం అరలోంచి దిగిన సినిమా

ఏ సినిమా ఏ అరలో కూర్చోవాలో తేల్చడం ఆవిడ ఉద్యోగం. జనానికి ఇంట్లోనే సినిమాలు చూపించే కంపెనీ అది. మూడో అంతస్తులో ఒక గది, గదిలో రెండు తెరలు. ఏది హాస్యం, ఏది భయానకం, ఏది డాక్యుమెంటరీ అన్నది పన్నెండేళ్లుగా ఆవిడ మాటే. నియమాల పుస్తకం కూడా ఆవిడ రాసిందే. హాస్యం కింద ఒక షరతు పెట్టింది: పడేవాళ్లకి తాము పడబోతున్నామని తెలిసుండాలి. తెలియకుండా పడితే అది నటన కాదు, జరిగిన సంగతి. దాని చోటు డాక్యుమెంటరీలో.

ఊరికే రాసిన షరతు కాదది. దాని వెనక ముప్ఫై ఏళ్ల కక్ష ఉంది.

ఆరేళ్లప్పుడు ఆవిడ ఒక సినిమాలో వేసింది. దర్శకుడు చేతికి బిస్కెట్ ఇచ్చి, నవ్వుతూ నిలబడమని చెప్పి, వెనక నుంచి కుక్కని మీదికి వదిలాడు. పిల్ల గుండెలవిసేలా ఏడుస్తూ పరిగెత్తి బురదగుంటలో బోర్లాపడింది. గడ్డానికి నాలుగు కుట్లు. హాల్లో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. బళ్లో తగిలించిన 'బురదపాప' అన్న పేరు అత్తగారింటిదాకా వెంటబడింది. ఇప్పటికీ కుక్క మొరిగితే రోడ్డు దాటి అవతలి పక్కకి పోతుంది. ఆ మహానుభావుడు మాత్రం హాస్యానికి పెద్ద దిక్కయి కూర్చున్నాడు. ఆయన్ని చచ్చినా క్షమించనని ఆవిడ అద్దంలో ఆ మచ్చ చూసినప్పుడల్లా అనుకునేది.

చివరికి ఆ సినిమా ఆవిడ బల్ల మీదికే వచ్చింది. ఆయన డెబ్భయ్యో పుట్టినరోజుకి హాస్యం అరలో మొదటి వరసలో పెట్టాలని పైవాళ్ల ముచ్చట. పెడితే ఇంకో తరం పిల్లలు నవ్వుతారు. మార్చాలంటే ఆ పిల్లకి తెలియదన్న రుజువు కావాలి. ఆ దర్శకుడికే ఫోన్ చేసి, మాటలు రికార్డవుతాయని ముందే చెప్పి, కుక్క సీను గురించి వినయంగా అడిగింది.

ఆయన పొంగిపోయాడు. "ఆ పిల్లకి ఏమీ చెప్పలేదమ్మా. చెబితే అంత భయం వస్తుందా? నిజం కుక్క, నిజం ఏడుపు. రక్తం కారుతున్నా కెమెరా ఆపలేదు నేను."

"ఇలాగే రాసుకోమంటారా సార్?"

"అక్షరం పొల్లుపోకుండా రాసుకో."

అలాగే రాసుకుంది. ఆ మాటలే సినిమా కింద వివరణగా పెట్టి, దాన్ని డాక్యుమెంటరీలోకి దించింది. నియమం నియమమే కాబట్టి పైవాళ్లు నోరెత్తలేదు.

పుట్టినరోజు పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడు. ఆ వివరణ చదివి లోకమంతా తన మొహాన ఉమ్మేస్తోందట.

"నా సినిమాకి ఈ గతి పట్టించింది ఎవరమ్మా?"

"బురదపాపని సార్. నవ్వుతూ నిలబడమన్నారు కదా, ఇప్పుడు నవ్వుతున్నాను."