నాయన వేసిన నలుపు

తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఒక కుక్కపిల్ల రంగు మారిందని మా నాయన నోట్లో మట్టి కొట్టారు.

మాది నూలుకు రంగులేసే ఇల్లు. కరక్కాయ, ఇనుప తుప్పు నానబెట్టి నాయన తీసే నలుపు కోసం కోయిలకుంట్ల చుట్టుపక్కల మగ్గాలన్నీ కాచుకుని ఉండేవి. బంగళాలో ఉన్న దొర కుందేళ్ల వేటకు బీగిల్ కుక్కలను పెంచేవాడు. బదిలీ అయి పోతూ, తెరలకు రంగు బాగా వేశాడని నాయన చేతిలో ఒక పిల్లను పెట్టాడు. ఒళ్లు తెలుపు. వీపు, తల, చెవులు మాత్రం కాటుక నలుపు. ఊరి మునసబు దాని మీద కన్నేశాడు. ఆయన అడిగితే కాదనగలమా? ఇచ్చేశాం.

కొన్ని నెలలకు దాని తల, చెవులు గోధుమరంగుకు తిరిగాయి. ఆ జాతి పిల్లలు నల్లగా పుట్టి ఎదిగేకొద్దీ అలా మారతాయట. ఆ సంగతి ఎన్నో ఏళ్లకు ఇంకో దొర బట్లరు చెబితే తెలిసింది. అప్పుడు ఎవరికి తెలుసు? మునసబు కుక్కను ఈడ్చుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు.

"వీధికుక్కకు రంగు పూసి నాకు అంటగడతావా? కుక్క మీదనే నిలవని రంగు నూలు మీద నిలుస్తాదా?" అని వీధంతా వినేలా అరిచాడు.

నాయన "లేదు సామీ, లేదు సామీ" అనడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. అమ్మ ఊరుకోలేదు. కుక్కను బావి దగ్గరికి లాక్కెళ్లి చౌడుమన్ను, కుంకుడు నురగ వేసి రుద్దింది. మురికి పోయింది. రంగు చుక్క కూడా దిగలేదు.

"యాడ పోతాండాది రంగు? చూడండప్పా!"

"పోవాల్సిందంతా ఎప్పుడో పోయుంటాదిలే" అన్నాడు మునసబు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఛీ! మునసబు కంటే ఆ నవ్విన వాళ్ల మీదే నాకు కోపం. అక్కడి ఆడవాళ్ల చీరల అంచులన్నీ నాయన వేసిన నలుపే. అమ్మ పక్కింటామె కొంగు లాగి, ఆ నీళ్లలోనే ముంచి కసిగా రుద్దింది.

"నా మొగుడేసిన నలుపక్కా ఇది! పోయిందా? చెప్పు, పోయిందా?"

పోలేదు. ఆమె కొంగు చూసుకుంది. మునసబు వైపు చూసింది. "నన్ను దీంట్లోకి లాగొద్దు తల్లీ" అని కొంగు పిండుకుంటూ వెళ్లిపోయింది.

మరునాటి నుంచి మా గడపకు నూలు రాలేదు. నాయన రంగు కాగులు బోర్లించి, నాపరాళ్ల గనిలో బండలు మోయడానికి పోయాడు. ఆ బండల కిందే ఆయన ఒళ్లు గుల్లయింది. మునసబు వదిలేసిన కుక్క మా ఇంట్లోనే పెరిగింది.

నాయన పోయిన రోజు పక్కింటామె ఏడుస్తూ వచ్చింది. అదే చీర కట్టుకుని ఉంది. అంచు ఇంకా నల్లగానే ఉంది.