పడవపిల్లి ఏడో పుస్తకం

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుంది. వెనకాల అందరూ జిగురమ్మ అంటారు. ఎదురుగా అనే దమ్ము లైబ్రేరియన్‌కు కూడా లేదు. పేజీ మూల మడిచిన పిల్లలు కనబడితే, "నీ చెవి కూడా ఇలాగే మడవనా?" అని అడిగే మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లితో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఆవిడ మెత్తబడేది ఒక్కడి దగ్గరే, తమ్ముడి కొడుకు దగ్గర. వాడి తల్లికీ ఆవిడకూ మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

మరదలు చేసిన నేరం ఏమిటయ్యా అంటే, గట్టిగా నవ్వుతుంది. చదువుతున్న పుస్తకాన్ని బోర్లా పెడుతుంది. ప్రతిదానికీ జాబితా రాస్తుంది. ఇంతే. గిట్టని మనిషి ఏం చేస్తే మాత్రం నచ్చుతుంది!

మేనల్లుడికి తొమ్మిదో పుట్టినరోజు దగ్గరపడింది. వాడికి 'పడవపిల్లి' పుస్తకాల పిచ్చి. రేవులో పాత పడవ నడిపే ఒక నల్లపిల్లి కథ అది, మొత్తం ఏడు పుస్తకాలు. ఆరు లైబ్రరీలో తెచ్చుకుని మూడేసి సార్లు చదివాడు. ఏడోది దొరకలేదు. ఉన్న ఒక్క ప్రతీ ముక్కలైపోయి, ఏడాది క్రితమే అల్మరా దిగింది. షాపుల్లో ఎప్పుడో అయిపోయింది. ఆరో పుస్తకం చివర పిల్లి తుఫానులో చిక్కుకుంది, ఆ తరవాత బతికిందో లేదో వాడికి తెలియదు.

"ఏడోది ఎప్పుడొస్తుందత్తా?" అని వారంవారం అడిగేవాడు.

"చూద్దాంలే," అనేది జిగురమ్మ.

పార్టీ ఎలా చెయ్యాలో మాట్లాడటానికి మరదలు జాబితా పట్టుకుని వచ్చింది. పడవ ఆకారంలో కేకు. నేలంతా నీలం గుడ్డ. పిల్లలందరికీ అట్టతో చేసిన పిల్లిచెవులు. నమూనాకు తెచ్చిన జతలో చెవులు రెండూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. కథలో పిల్లికి ఎడమచెవి సగమే ఉంటుందని జిగురమ్మకు తెలుసు. చెప్పలేదు. పార్టీలో పిల్లలే నవ్వుతారులే అనుకుని లోపల సంబరపడింది.

"ఒక్క సాయం చెయ్యండి వదినా. లైబ్రరీలో పనికిరాని పుస్తకాలుంటే ఇవ్వండి. కాగితాలు మూడు మూలల జెండాలుగా కోసి దారానికి కడతాను. పుస్తకాల పార్టీ కదా, బావుంటుంది."

జిగురమ్మ ఒంటికాలిమీద లేచింది. "ముప్ఫై ఏళ్ళుగా నేను కుడుతున్నది నువ్వు కొయ్యడానికా?"

"పనికిరానివే అన్నాను కదండీ."

"పనికొచ్చేదీ రానిదీ నీకేం తెలుసు? నా ఇంట్లో ఒక్క కాగితమ్ముక్క ముట్టుకున్నావంటే ఊరుకోను."

మరదలి మొహం ఎర్రబడింది. జాబితాలో ఒక గీత కొట్టి లేచిపోయింది.

అప్పటికే అసలు సంగతి పక్కగదిలో ఉంది. లైబ్రరీ ఆ ఏడు పుస్తకాలనూ పాతబడ్డాయని తీసేస్తే, జిగురమ్మ అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఆరింటికి కొత్త అట్టలు వేసేసింది. ఇక ఏడోది. పుట్టినరోజునాడు ఏడూ కలిపి వాడి ఒళ్ళో పెట్టాలి. వాడి మొహం వెలగాలి. పనిలో పనిగా మరదలి కేకూ జెండాలూ వెలవెలబోవాలి. ఈ రెండో కోరిక ఏమంత చిన్నది కాదు. అందుకే తమ్ముడికీ చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు.

ఊడిన పుస్తకాన్ని బాగుచెయ్యాలంటే ముందు పూర్తిగా విప్పాలి. పాత దారం తెంపి, ఎండిన జిగురు గీకి, కాగితాలు విడదీసి, నలిగిన అంచులు సరిచేసి బరువు కింద పెట్టాలి. ఏడో పుస్తకం ఆ స్థితిలో బల్లమీద ఉంది. పుట్టినరోజు పొద్దున కుట్టేద్దామనుకుంది. ఈలోగా లైబ్రరీలో పని పడి వెళ్ళొచ్చేసరికి మధ్యాహ్నమైంది. బల్ల ఖాళీ!

"అమ్మా! ఇక్కడి కాగితాలేవీ?"

"ఆ చిత్తుకాగితాలా? పొద్దున నువ్వు పనికెళ్ళాక కోడలొచ్చింది, జెండాలకు కాగితాలేమైనా ఉన్నాయా అత్తయ్యా అంటూ. నువ్వు ఒద్దన్నావట, పుస్తకాలు ముట్టుకోనంది పాపం. ఇవి పుస్తకం కాదు కదా అని నేనే ఇచ్చాను."

"పుస్తకం కాదా!"

"అట్టా లేదు, కుట్టూ లేదు. నువ్వు చెప్పందే నాకేం తెలుస్తుందే?"

ఆరు పుస్తకాలూ సంచిలో వేసుకుని, నిప్పులు కక్కుతూ తమ్ముడి ఇంటికి వెళ్ళింది. దారంతా మాటలు నూరుకుంది. ఆ నలుగురిలోనూ మరదలి పరువు తియ్యకపోతే తన పేరు జిగురమ్మే కాదు.

హాల్లో కేకు ఎవరూ కొయ్యలేదు. పదిహేనుమంది పిల్లలు తలలు పైకెత్తి నిలబడి ఉన్నారు. మేనల్లుడు కుర్చీ ఎక్కి జెండాలు చదువుతున్నాడు. ఒకదాంట్లో సగం వాక్యం, ఇంకోదాంట్లో సగం పిల్లి. అత్తను చూడగానే దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అత్తా, ఇది ఏడోది! ముక్కలు ముక్కలుగా ఉంది. ఎవరు కోశారు?"

"మీ అమ్మ," అంది జిగురమ్మ, అందరికీ వినబడేలా. "అడుగు."

మరదలు చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. "నాకు తెలీదురా... పిల్లి బొమ్మలు చూసినా చిత్తుకాగితాలనే అనుకున్నాను." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతకంటే పరువు తియ్యక్కర్లేదు. జిగురమ్మ గెలిచింది.

వాడు తల్లిని చూశాడు. తరవాత అత్తవైపు తిరిగాడు.

"నీ దగ్గరే ఉందా ఇన్నాళ్ళూ?"

"నీకోసమే నాన్నా. ఇవాళ ఇద్దామని..."

"అమ్మకి ఎందుకు చెప్పలేదు? చెప్తే కొయ్యదుగా."

జిగురమ్మ సంచిలోంచి మొదటి పుస్తకం తీసి అందించబోయింది.

"అది చదివేశానత్తా," అన్నాడు వాడు.

మళ్ళీ వెళ్ళి కుర్చీ ఎక్కాడు. వాడు పడిపోకుండా వాళ్ళమ్మ వచ్చి కుర్చీ పట్టుకుంది. పిల్లి బతికిందో లేదో చెప్పే ముక్క కోసం పిల్లలంతా వెతకసాగారు. అది చదివిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది, కానీ ఆవిడను ఎవరూ అడగలేదు.